1916-డి డైమ్ కొనేవాళ్ళకి హెచ్చరిక: నాణెం అసలుదే, అక్షరం దొంగది

అమెరికాలో పాత వెండి డైమ్‌లు (పది సెంట్ల నాణేలు) కొనే మనవాళ్ళందరూ ఇది చదవండి, ముఖ్యంగా 1916-డి కోసం వెతికేవాళ్ళు. టెక్సస్‌లో ఒక కాయిన్ షోలో ఒక డీలర్ దగ్గర ఈ మెర్క్యురీ డైమ్ (ఆ డిజైన్‌కి వాడుక పేరు) తీసుకున్నా, అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చే గ్రేడింగ్‌కి పంపిస్తే మింట్ మార్క్ (ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు) తర్వాత అతికించిందని తేల్చి తిప్పి పంపారు. డీలర్‌కి ఫోన్ చేస్తే షోలో అమ్మినవి వెనక్కి తీసుకోం అనేసి పెట్టేశాడు.

మన హైదరాబాద్ మింట్ నాణేలకి సంవత్సరం కింద నక్షత్రం ఉంటుంది కదా, ఈ డి కూడా అలాంటి గుర్తే, డెన్వర్ మింట్‌ది. 1916లో ఫిలడెల్ఫియాలో ఈ డైమ్‌లు 2 కోట్ల 20 లక్షలు దాటి కొట్టారు, డెన్వర్‌లో 2,64,000 మాత్రమే. ఫిలడెల్ఫియా వాటికి అసలు గుర్తే ఉండదు, దొంగలకి అదే కలిసొచ్చింది, దాదాపు వెండి ధరకే దొరికే అరిగిన నాణేనికి ఒక చిన్న అక్షరం అంటిస్తే వందల డాలర్లు పలుకుతుంది. అందుకే తూకం వేసినా అయస్కాంతం పెట్టినా ఏమీ తెలీదు, 2.5 గ్రాములూ సరిగ్గానే తూగుతుంది, 90 శాతం వెండీ నిజమే.

చూడాల్సింది వెనకవైపు, వన్ డైమ్ అని ఉన్నచోట వన్ పక్కన, బొమ్మలో ఉన్న కట్టెల మోపు అడుగున. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పెట్టి నాణేన్ని పక్కకి వంచి చూడండి. నాకొచ్చినదాంట్లో చుట్టూ అక్షరాలన్నీ అరిగి అంచులో కలిసిపోతున్నాయి, డి మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంది, దాని అడుగున సన్నటి గీతలాగా అతుకు, చుట్టూ ఉన్న వెండి రంగు కూడా కాస్త తేడా. అసలు డి అయితే నాణెంతో పాటే అరగాలి కదా. డెన్వర్‌లో ఆ ఏడాది వాడిన వెనకవైపు డైలు (ముద్ర కొట్టే అచ్చులు) నాలుగే, వాటిలో డి ఎక్కడెక్కడ ఉంటుందో ఫోటోలు దొరుకుతాయి, పక్కన పెట్టుకుని పోల్చండి.

ఇంకోటి, మరీ మెరిసిపోతున్న పాత నాణెం చూసి సంబరపడకండి. రుద్ది కడిగినవాటి మీద ఒకే దిక్కుకి సన్నటి గీతలు కనిపిస్తాయి, వాటికి గ్రేడ్ నంబర్ ఇవ్వరు, క్లీన్డ్ అని రాసి పంపిస్తారు, రేటు బాగా పడిపోతుంది. ఫుల్ బ్యాండ్స్ అని చెప్పి ఎక్కువ అడిగితే మోపు మధ్యలో ఉన్న రెండు కట్లు విడివిడిగా, తెగకుండా ఉన్నాయో లేదో మీరే చూడండి, 1945 ఫిలడెల్ఫియా డైమ్‌కి ఆ చిన్న తేడాతోనే రేటు ఎక్కడికో వెళ్ళిపోతుంది.

1916-డి విడిగా అసలు కొనొద్దు, పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు సీల్ చేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నదే తీసుకోండి, ఆ డబ్బాలకి కూడా నకిలీలు వస్తున్నాయి కాబట్టి డబ్బా మీది నంబర్ ఆ కంపెనీ సైట్‌లో కొట్టి అక్కడి ఫోటో ఇదే నాణెంలా ఉందో లేదో చూడండి. లేదు విడిగానే కొంటాం అంటే క్యాష్ ఇవ్వకండి, అసలుది కాకపోతే పూర్తి డబ్బు వాపస్ అని బిల్లు మీద సంతకంతో రాయించుకోండి, రాయను అంటే ఆ టేబుల్ వదిలేసి వచ్చేయండి.