బరంపురంలో మల్టీవేరియేట్ శిక్షణ: నా అనుభవం

మార్కెట్ పరిశోధనకు పనికివచ్చే మల్టీవేరియేట్ (ఒకేసారి అనేక అంశాల సమాచారాన్ని కలిపి విశ్లేషించే) గణాంక పద్ధతులు నేర్చుకుందామని బరంపురంలోని ఒక శిక్షణ కేంద్రంలో మూడు నెలలు చదివాను. ఫ్యాక్టర్ అనాలిసిస్ (ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక ప్రశ్నలను కొద్దిపాటి మూల అంశాలుగా కుదించే పద్ధతి) బోధన నిజంగా మెచ్చుకోదగినది: పట్టుచీరలు కొనేవారిని అడిగిన 18 ప్రశ్నలు, ఐగెన్ విలువ (జవాబుల్లోని తేడాలను ఒక అంశం ఎంతమేరకు వివరిస్తుందో చెప్పే సంఖ్య) 1 దాటిన అంశాలనే ఉంచే కైజర్ నియమంతో, ధర, నేత, రంగు అనే మూడు అంశాలుగా కుదించుకుపోవడం కళ్లారా చూశాను.

క్లస్టర్ అనాలిసిస్ (ఒకేలాంటి కొనుగోలుదారులను గుంపులుగా చేర్చే పద్ధతి) దగ్గర మాత్రం నిరాశే మిగిలింది. వేల రూపాయల ఆదాయాన్నీ, 1 నుంచి 5 వరకు ఉండే రేటింగులనూ ఒకే కొలమానానికి తేకుండానే కలిపేయడంతో, గుంపులన్నీ ఆదాయాన్ని బట్టే విడిపోయాయి. ఇలాంటి కొలమానాల తేడాను సరిచేస్తూ ఇద్దరి మధ్య పోలికను కొలిచే ‘దూరం’ అనే కొలతను 1936లో ప్రతిపాదించిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పేరు (మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు పనిచేసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించినది ఆయనే) తరగతిలో ఒక్కసారీ వినబడలేదు. నోట్సు ఇంగ్లీషులోనే ఉన్నా, సందేహాలకు మాస్టారు ఓపికగా తెలుగులోనే జవాబు చెప్పేవారు.