మూలికా మందుల నాణ్యత: వచ్చిన సరుకును పరీక్షించడమా, తయారైన మందును పరీక్షించడమా – ఏది మేలు?

చూర్ణం తయారైంది, శాంపిల్ ల్యాబుకు వెళ్లింది, రిపోర్టులో అన్ని గళ్లలోనూ ‘పాస్’ అని వచ్చింది. ఇక టెన్షన్ లేదు, సరుకు పంపేయొచ్చు అనుకునేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ఆ రిపోర్టు కోసం ల్యాబును అసలు ఏం అడిగారో ముందు చూస్తాను. సీసం ఎంతుందని అడిగితే సీసం సంగతే చెబుతారు. బ్యాక్టీరియా ఎంతుందని అడిగితే అదే చెబుతారు. డబ్బాలో ఉన్నది లేబుల్ మీద రాసిన మూలికేనా అని ఎవరూ అడక్కపోతే, దానికి జవాబు ఏ గడిలోనూ ఉండదు.

అడక్కపోతే ఏమవుతుందో బ్రసెల్స్‌లో తెలిసొచ్చింది. 1990ల మొదట్లో అక్కడ ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన మందులో స్టెఫానియా టెట్రాండ్రా అనే చైనా మూలిక వేరు ఉండాలి. దాని బదులు అరిస్టోలోకియా ఫాంగ్‌చి అనే వేరే మొక్క వేరు వచ్చి చేరింది. వ్యాపారంలో ఆ రెండింటి పేర్లూ దగ్గరగా ఉంటాయి. పొడి చేశాక ఏది ఏదో మామూలు కంటికి అందదు. ఆ మందు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు పాడయ్యాయి. బాధితుల సంఖ్య వంద దాటింది. పాడైన కిడ్నీలు, మూత్రనాళాలు తీయించుకున్న 39 మందిని పరిశీలిస్తే 18 మందికి క్యాన్సర్ ఉన్నట్టు 2000లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ పొడులను తర్వాత పరీక్షిస్తే చాలా బ్యాచుల్లో స్టెఫానియాకు గుర్తు అయిన టెట్రాండ్రిన్ లేదు, కిడ్నీలను చంపే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. సరుకు వచ్చిన రోజే ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే అంతమంది బతుకులు అలా అయ్యేవి కావు.

కాబట్టి నా మొగ్గు ఎటో దాచను. చేతిలో ఉన్న డబ్బూ మనుషులూ పరిమితమైతే, ముందు ముడిసరుకు లోపలికి వచ్చే గుమ్మం దగ్గర పెట్టాలి. ఇది ఏ మూలిక, ఏ భాగం అన్నది తేలాకే అందులో ఏది ఎంతుందన్న కొలతకు అర్థం ఉంటుంది.

గుమ్మం దగ్గర పరీక్ష అనగానే రంగు, వాసన, రుచి గుర్తొస్తాయి. అవి ఉండాల్సిందే. ముక్కిన వాసన, పురుగు, వేరే మొక్కల కాడలు, నల్లబడ్డ ఆకులు, వీటిని అనుభవం ఉన్న కన్నూ ముక్కూ పట్టినంత త్వరగా ఏ మెషీనూ పట్టదు. కానీ రంగును నమ్ముకుంటే మోసపోతాం. పసుపు బాగా మెరవాలని లెడ్ క్రోమేట్ కలిపితే కంటికి అదే మేలిరకంలా కనిపిస్తుంది, అందులో ఉన్నదేమో సీసం.

ఇక్కడ మైక్రోస్కోప్ విలువ తెలుస్తుంది. అశ్వగంధ వేరు చూర్ణాన్నే తీసుకోండి. చిటికెడు పొడిని స్లైడ్ మీద నీటి చుక్కలో కలిపి చూస్తే పిండి రేణువులు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. అయోడిన్ చుక్క పడగానే అవి ముదురు నీలానికి తిరుగుతాయి. ఇంకో చిటికెడు క్లోరల్ హైడ్రేట్ ద్రావణంలో వేసి నెమ్మదిగా వేడి చేస్తే పిండి అడ్డు తొలగి, కణాల గోడలు, నాళాలు తేటగా బయటపడతాయి. అక్కడ పత్రరంధ్రాలు కనిపించాయా, కొమ్మలుగా చీలిన సన్నని నూగు కనిపించిందా, అయితే ఆకు కలిసిందన్నమాట. వేరుకు పత్రరంధ్రాలు ఉండవు కదా.

ఆకు కలపడం వెనుక లెక్క ఉంది. వేరు కోసం మొక్కంతా తవ్వాలి, ఆకు చవకగా దొరుకుతుంది. పైగా వితాఫెరిన్ ఏ అనే పదార్థం వేరులో కంటే ఆకులోనే ఎక్కువ. అందుకని మొత్తం వితనోలైడ్ల (వితాఫెరిన్ ఏ కూడా చేరే అశ్వగంధ పదార్థాల కుటుంబం) శాతం మాత్రమే చూసేవారికి కల్తీ సరుకే మెరుగ్గా కనిపిస్తుంది! అంకె పెరిగింది, సరుకు చెడింది. ఈ ఒక్క ఉదాహరణ కోసమైనా ప్రతి చిన్న యూనిట్‌లో ఒక మైక్రోస్కోప్, దాన్ని వాడటం వచ్చిన ఒక మనిషి ఉండాలని గట్టిగా చెబుతాను.

మైక్రోస్కోప్ చేతులెత్తేసే చోటు ఎక్స్‌ట్రాక్ట్. నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో సారం తీసి ఆరబెట్టిన పొడిలో కణాలే మిగలవు. అక్కడ టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) కావాలి. సిలికా పూసిన ప్లేట్ మీద మన శాంపిల్‌ను, పక్కనే అసలైనదని నిర్ధారించిన మూలిక సారాన్ని చుక్కలుగా పెట్టి, ద్రావకాన్ని పైకి పాకనిస్తారు. తర్వాత 254, 366 నానోమీటర్ల అతినీల కాంతిలో చూస్తే రెండు వరుసల్లోనూ పట్టీలు కనిపిస్తాయి. ఉండాల్సిన పట్టీ లేకపోయినా, ఉండకూడనిది ఉన్నా పక్కపక్కనే కళ్లకు కడుతుంది. ఇదే పనిని మెరుగైన ప్లేట్లతో, కచ్చితమైన పరికరాలతో చేసేది హెచ్‌పీటీఎల్‌సీ. మూలికల పనికి నాకు అన్నిటికంటే నచ్చేది ఈ పద్ధతే. మొత్తం మొక్క సంగతి ఒక్క చూపులో చెబుతుంది, ఖర్చు కూడా హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి ఒక్కోటి ఎంతుందో గ్రాఫుగా చూపే మెషీన్ పద్ధతి) అంత కాదు.

హెచ్‌పీఎల్‌సీని తక్కువ చేయడం లేదు. ఒక పదార్థం ఎంతుందో కచ్చితంగా చెప్పాలంటే అదే దిక్కు. చిక్కల్లా ఒకే మొత్తాన్ని చూసి సంతృప్తి పడటంలో ఉంది. గింకో అనే చెట్టు ఆకుల ఎక్స్‌ట్రాక్ట్‌లో ఫ్లేవనాల్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు 24 శాతం ఉండాలన్నది అందరికీ తెలిసిన కొలమానం. అది తెలిసినవాళ్లే చవకగా దొరికే అదే కోవ పదార్థాలు రూటిన్, క్వెర్సెటిన్ కలిపి ఆ 24ను అందుకుంటారు. మొత్తం చూస్తే పాస్. గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికీ లేచే విడివిడి శిఖరాలను అసలు గింకో గ్రాఫ్ పక్కన పెట్టి చూస్తేనే దొంగ దొరుకుతాడు. ల్యాబును ‘శాతం ఎంత?’ అని మాత్రమే అడగకండి, గ్రాఫ్ కూడా అడిగి తీసుకోండి.

డీఎన్‌ఏ ముక్కను చదివి మొక్క ఏ జాతిదో గుర్తించే డీఎన్‌ఏ బార్‌కోడింగ్ గురించి రెండు మాటలు చాలు. దగ్గరి జాతుల ముడిసరుకును విడదీయడానికి మంచి సాధనం. వేరా, ఆకా అని మాత్రం చెప్పలేదు, రెండింటిలోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ. వేడిలో, ద్రావకాల్లో నలిగిన ఎక్స్‌ట్రాక్ట్‌లో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది, ఒక్కోసారి దొరకనే దొరకదు. అలా దొరకలేదని మూలికే లేదనడం తప్పు.

ఏ పద్ధతి ఎంచుకున్నా శాంపిల్ సరిగా తీయకపోతే అంతా వృథా. అనాసపువ్వులో విషపూరితమైన జపాన్ రకం కాయలు కలిసి, దాని టీ తాగినవాళ్లకు మూర్ఛలు వచ్చిన సందర్భాలున్నాయి. అలాంటి కాయలు బస్తా అడుగున ఉంటే పైనుంచి తీసిన గుప్పెడులో ఏం తెలుస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం బస్తాలు 5 లోపు ఉంటే అన్నిటి నుంచీ, 6 నుంచి 50 ఉంటే ఐదింటి నుంచి, 50 దాటితే పది శాతం బస్తాల నుంచి తీయాలి. ప్రతి బస్తాలోనూ పైన, మధ్యన, అడుగున తీయాలి. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ చాకిరీనే.

మరి బయటి ల్యాబ్ లేకుండా గడవని పరీక్షలు ఏవి? భార లోహాలు, అఫ్లాటాక్సిన్లు (బూజు వదిలే విషాలు), పురుగుమందుల అవశేషాలు. ఇవి ఏ కంటికీ, ఏ స్లైడ్‌కీ దొరకవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో సీసానికి కిలోకు 10 మిల్లీగ్రాములు, కాడ్మియానికి 0.3 మిల్లీగ్రాములు హద్దు. యూరప్ మందుల ప్రమాణాల గ్రంథమైన యూరోపియన్ ఫార్మకోపియా అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 2 మైక్రోగ్రాముల దగ్గర ఆపేస్తుంది. ఈ అఫ్లాటాక్సిన్ విషయంలో మరీ జాగ్రత్త. బూజు పట్టిన సరుకును ఆవిరితో శుద్ధి చేస్తే బూజు చస్తుంది, అది వదిలిన విషం పోదు. తయారైన మందులో సూక్ష్మజీవుల లెక్క చక్కగా పాస్ అవుతుంది, విషం అలాగే ఉంటుంది. కోసిన వెంటనే బాగా ఆరబెట్టి, నీటి చురుకుదనం (వాటర్ యాక్టివిటీ, అంటే బూజు వాడుకోగల నీటి కొలత) 0.6 కంటే కింద ఉంచితే బూజు పెరగదు. ఆ పని పొలంలో, ఆరబెట్టే చోట జరగాల్సిందే.

నేనైతే ఇలా చేస్తాను. వచ్చిన ప్రతి లాటుకూ కన్ను, ముక్కు, మైక్రోస్కోప్, టీఎల్‌సీ. ఎక్స్‌ట్రాక్ట్‌కు గ్రాఫుతో సహా హెచ్‌పీఎల్‌సీ. లోహాలు, అఫ్లాటాక్సిన్లు ముడిసరుకులోనే చూపించి, తయారైన మందులో మళ్లీ ఒకసారి. సూక్ష్మజీవుల పరీక్ష చివర్లో తప్పదు, ఎందుకంటే కలిపేటప్పుడు, ప్యాక్ చేసేటప్పుడు మన చేతుల నుంచే చేరొచ్చు.

వీటన్నిటితో పాటు ప్రతి లాటు నుంచి, ప్రతి బ్యాచ్ నుంచి కొంత తీసి భద్రపరచాలి. 1997లో అమెరికాలో ప్లాంటాగో అనే మూలిక ఆకులో, గుండె మీద పనిచేసే విషం ఉన్న డిజిటాలిస్ లనాటా మొక్క కలిసి ఇద్దరు మహిళల గుండె లయ తప్పింది. వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే, అనుమానం ఉన్న సుమారు 2,700 కిలోల సరుకు రెండేళ్లలో 150కి పైగా తయారీదారులకు, పంపిణీదారులకు, దుకాణాలకు చేరినట్టు తేలింది. అలాంటి కబురు వచ్చిన రోజున మన సరుకు అందులో ఉందో లేదో చెప్పగలిగేది దాచిన ఆ శాంపిలే. దాని మీద మూలిక శాస్త్రీయ నామం, మొక్కలో ఏ భాగం, ఎవరు పంపారు, లాటు నంబర్, వచ్చిన తేదీ, ఏయే బ్యాచుల్లో వాడారు, ఇవన్నీ చెరగని సిరాతో రాసి ఉండాలి.