కొనబోయే పాత ఇంటికి కుంగిన పోర్టికో: ఇంజినీరు తనిఖీ, రిపేరు పని ఎలా జరిగాయంటే

మొన్న వేసవిలో మల్కాజ్‌గిరిలో ఒక ఇండిపెండెంట్ ఇల్లు చూశాం. 1986లో కట్టింది, నూట యాభై గజాలు, వెనక మామిడి చెట్టు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి, ధర కూడా మాకు అందేదే. పోర్టికో దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ ఆగిపోయింది. గేటు బయట నిలబడి చూస్తే స్లాబ్ ముందు అంచు కుడివైపు కిందికి జారినట్టు కనబడుతోంది. అమ్మే ఆంటీని అడిగితే "అంకుల్ ఉన్నప్పట్నుంచీ అలాగే ఉంది బాబూ, ఏం కాలేదు" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పారని నేను అనుకోను. కానీ ఇల్లంతా పాత సున్నమే ఉండి పోర్టికో కింద ఒక్కచోట మాత్రం కొత్త ప్లాస్టరింగ్, తెల్ల రంగు కనబడేసరికి నాకు టెన్షన్ మొదలైంది.

ముందు ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచాం. ఒకాయన కింద నుంచి చూసి "రెండు పిల్లర్లు పెట్టి జాకీలతో పైకి లేపేస్తాం, నలభై వేలు" అన్నాడు. ఇంకొకాయన మొత్తం కొట్టేసి కొత్తగా పోయాలి, నాలుగు లక్షలు అన్నాడు. ఇద్దరిలో ఒక్కరు కూడా స్లాబ్ మీదకి ఎక్కలేదు, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూడలేదు. నలభై వేలకీ నాలుగు లక్షలకీ మధ్య నేనేం తేల్చుకోవాలి? అప్పుడు మా ఆఫీసులో ఒకాయన తార్నాక వైపు ఉండే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు గురించి చెప్పాడు. తనిఖీకి పన్నెండు వేలు, పరీక్షలకు ఇంకో ఆరు వేలు. కొంటామో లేదో తెలియని ఇంటికి పద్దెనిమిది వేలా అని ఇంట్లో అందరూ అన్నారు. ఇప్పుడు అడిగితే, ఈ మొత్తం వ్యవహారంలో నేను బాగా ఖర్చుపెట్టిన డబ్బు అదే అంటాను.

ఆయన వచ్చీ రాగానే దారం కట్టి, నీళ్ల ట్యూబుతో లెవెల్ చూశారు. ముందు అంచు కుడి మూలన ఒకటిన్నర అంగుళం దిగి ఉంది. గోడ నుంచి ఆరడుగులు బయటికి వచ్చిన స్లాబ్ అది, లెక్క ప్రకారం పొడవులో 250వ వంతు, అంటే ఏడు మిల్లీమీటర్లు దాటకూడదట. అయితే ఆ సంఖ్య చెప్పి భయపెట్టి వదిలేయలేదు. స్లాబ్ పోసిన రోజు సెంట్రింగే (తడి కాంక్రీటుని కింద నుంచి మోసే తాత్కాలిక ఆసరా) దిగిపోయి ఉంటే ఆ వంపు అప్పట్నుంచీ ఉన్నట్టు, తర్వాత కుంగితే ఇంకా కుంగుతుందని అర్థం, ఈ రెండూ వేరు అన్నారు. అది తేల్చడానికి పక్క పిట్టగోడకి అడుగున ఒక అడుగు మేర ప్లాస్టరింగ్ తీయించారు. పాతరోజుల్లోనే వంపు ఉంటే మేస్త్రీ మొదటి ఇటుక వరస కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) మందంగా వేసి సరిచేసుకునేవాడు. ఇక్కడ మాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే మందం, ఇటుక వరసలే వాలి ఉన్నాయి. అంటే కట్టిన తర్వాత కుంగింది. ఒక్క అడుగు ప్లాస్టరింగ్ తీసి ఇన్నేళ్ల కథ చదివినట్టు చెప్పారాయన, నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

పైన షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. గోడ పక్కన ఒక బండ లేపుతామంటే ఆంటీ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, మళ్లీ పెట్టించే బాధ్యత నాది అని మాటిచ్చాకే ఊ అన్నారు. బండ కింద మూడంగుళాల మాలు, దాని కింద స్లాబ్ మీద గోడ వెంబడే పొడుగ్గా పగులు, దాని అంచులు తుప్పు రంగులో ఉన్నాయి. చువ్వలు ఎంత లోతులో ఉన్నాయో చూసే మీటరు పెడితే, పైనుంచి అంగుళం లోపు ఉండాల్సిన చువ్వలు రెండున్నర అంగుళాల లోతులో చూపించాయి. స్లాబ్ మందమే ఐదు అంగుళాలు.

ఇక్కడే అసలు విషయం ఉంది. నాలుగువైపులా గోడలున్న గది స్లాబ్‌కి ప్రధానమైన చువ్వలు అడుగున ఉంటాయి. ఒకవైపే పట్టుకుని బయటికి వేలాడే పోర్టికోకీ, బాల్కనీకీ అవి పైన ఉండాలి, ఎందుకంటే బరువు దాన్ని పైభాగంలో లాగుతుంది. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు ఆ చువ్వల మీదే నడుస్తారు, కింద ఆసరా సరిగ్గా పెట్టకపోతే అవి దిగిపోతాయి, పైనుంచి చూసేవాళ్లకి ఏమీ తెలియదు. దానికి తోడు మా ఇంటి కుడి మూలన ఐదొందల లీటర్ల ట్యాంకు పెట్టారు, నిండితే అర టన్ను. బండలు, మాలు కలిపి టన్నుకి పైనే, పిట్టగోడ ఇంకో టన్ను పైన. పగులులోంచి వాన నీళ్లు దిగాయి, చువ్వ తుప్పు పడితే రెండు రెట్లకు మించి ఉబ్బుతుంది కాబట్టి కింద పెచ్చులు ఊడాయి. అమ్మకానికి పెట్టే ముందు దాని మీద ప్లాస్టరింగ్ కొట్టారు.

ఆ ప్లాస్టరింగ్‌ని సుత్తితో తడితే కుడి మూలంతా డొల్ల శబ్దం వచ్చింది. అక్కడ చిన్న ముక్క చెక్కి, దాని మీద ఫినాఫ్తలీన్ అనే మందు చల్లారు. లోపలి కాంక్రీటు క్షణంలో గులాబీ రంగుకి తిరిగింది, బయటి అంగుళం మాత్రం బూడిద రంగులోనే ఉండిపోయింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇది కూడా, కాంక్రీటులో సున్నపు గుణం ఉన్నంతవరకు రంగు తిరుగుతుంది, ఆ గుణమే ఇనుముని తుప్పు నుంచి కాపాడుతుంది. రంగు తిరగని ఆ అంగుళంలోనే మా చువ్వలు ఉన్నాయి, ఎందుకంటే ఆ మూలన అవి ఏకంగా స్లాబ్ అడుగుభాగానికే దిగిపోయాయి.

జాకీలతో లేపే సంగతి అడిగితే ఆయన గట్టిగా వద్దన్నారు. పైన పగిలిన స్లాబ్‌ని కింద నుంచి ఎత్తితే పగులు మూసుకోదు, వేరేచోట కొత్తగా పగులుతుంది. పైగా అంచున పిల్లర్లు పెట్టగానే ఇంతకాలం పైన లాగిన బరువు మధ్యలో కింద లాగడం మొదలుపెడుతుంది, అక్కడేమో చాలాచోట్ల చువ్వలే లేవు. "కుంగినచోటే ఉండనివ్వండి, ఇంక దిగకుండా చూద్దాం" అన్నారు. నలభై వేల పని చేయించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది, సాయంత్రం పూట మా అమ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది ఆ పోర్టికో కిందే.

రిపోర్టు చేతికొచ్చేదాకా మేం బయానా ఇవ్వలేదు, ఇది మాత్రం అందరికీ చెప్తాను. రిపోర్టు చూపించి మాట్లాడితే రెండు లక్షల పదివేల రిపేరు ఖర్చు ఇంటి ధరలో తగ్గించడానికి ఆంటీ వాళ్లబ్బాయి ఒప్పుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కి ముందే పని జరుగుతుందని, వాళ్ల వల్ల రిజిస్ట్రేషన్ ఆగితే ఆ డబ్బు తిరిగి ఇస్తారని అగ్రిమెంటులో రాయించాం. మనది కాని ఇంట్లో మన డబ్బు పెట్టేటప్పుడు ఆ రెండు లైన్లు లేకుండా సుత్తి పట్టనివ్వకండి.

పని ఇంజినీరు పంపిన టీమే చేసింది. ముందు జాకీలు స్లాబ్‌కి ఆనించి బిగించారంతే, ఎత్తలేదు. తర్వాత ట్యాంకు, బండలు, మాలు, పిట్టగోడ దించేశారు, పిట్టగోడ స్థానంలో పైపు రెయిలింగ్ వచ్చింది. ముందు అంచు కింద ఒకటి, గోడకీ అంచుకీ మధ్యలో ఒకటి, రెండు ఇనుప దూలాలు, వాటికి స్తంభాలు, స్తంభాలకి మొరం గట్టిగా తగిలేదాకా తవ్వి పునాది. దూలానికీ స్లాబ్‌కీ మధ్య ఖాళీలో కుంచించుకుపోని గ్రౌట్ నింపారు. కుడి మూలన చువ్వల వెనక దాకా చెక్కి, తుప్పు బ్రష్షుతో గీకి, ప్రైమర్, బాండింగ్ కోటు, తర్వాత పాలిమర్ మాలు, ఏడు రోజులు గోనె సంచులు తడుపుతూ క్యూరింగ్.

నచ్చనివి కూడా ఉన్నాయి. పన్నెండు రోజులన్నది ఇరవై మూడు రోజులైంది. బండలు నీళ్లు పోయకుండా కోసి పక్కింటి వాళ్ల బట్టలన్నీ దుమ్ము చేశారు, వెళ్లి క్షమాపణ చెప్పింది మేము. పాలిమర్ మాలు పొరలు పొరలుగా వేయమంటే ఇంజినీరు లేని రోజు రెండంగుళాలూ ఒకేసారి కొట్టేశారు, మర్నాడు జారిపోయి వేలాడుతుంటే ఫోటో పంపాను, ఆయన వచ్చి మొత్తం తీయించి మళ్లీ చేయించారు. దానికి డబ్బు అడగలేదు, కానీ ఆయన వారానికి ఒకసారి కాకుండా ఇంకా తరచుగా వచ్చి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఇచ్చారు, ఆంటీకి తెలుగులో వివరించడానికి ఒక సాయంత్రం పట్టింది. స్తంభాల వల్ల కారు తలుపు ఒకవైపు పూర్తిగా తెరుచుకోదు, గేటు నుంచి ఎంత దూరంలో వస్తాయో ముందే సుద్దతో గీసి చూపించి ఉంటే ఒక అడుగు జరిపించుకునేవాళ్లం.

వానాకాలం అయ్యేదాకా ఇరవై వేలు ఆపుతాననీ, అప్పుడు ఒకసారి వచ్చి చూడాలనీ ముందే మాట్లాడుకున్నాను. పగులు మూసేశాక దానికి అడ్డంగా రెండుచోట్ల సన్నటి గాజు పలకలు సిమెంటుతో అతికించారు, స్లాబ్ ఏ కాస్త కదిలినా గాజు చిట్లుతుంది. ఆగస్టులో రెండు పెద్ద వానలు పడ్డాయి, సెప్టెంబరులో ఆయన వచ్చి మళ్లీ దారం కట్టారు, అదే ఒకటిన్నర అంగుళం. పలకలు రెండూ చెక్కుచెదరలేదు, మిగిలిన ఇరవై వేలు అదే రోజు ఇచ్చేశాను.