చిన్న పిల్లలతో ఫిలిప్పీన్స్: బొరాకాయ్ వద్దనుకుని తగాయ్‌తాయ్ వెళ్లాం

ఫిలిప్పీన్స్ వెళ్తున్నామని చెప్పగానే మిర్యాలగూడలో మా వాళ్లందరూ అడిగింది ఒక్కటే, "బొరాకాయ్ కూడా చూసి వస్తారా?" అని. తెల్లటి ఇసుక తీరానికి పేరుపొందిన ఆ దీవిని చూడలేదు. సంక్రాంతి సెలవుల్లో మనీలాలో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి రెండు కుటుంబాలూ కలిసి తగాయ్‌తాయ్ వెళ్లి వచ్చాం. మాకు ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు. చెల్లెలికి ఇంకా చంకదిగని పిల్ల. ఇంట్లో ఈ వయసు పిల్లలు ఉన్నవాళ్లకు ఆ ఊరు ఎలా ఉంటుందో చెబుదామని రాస్తున్నాను.

బొరాకాయ్ వద్దని పట్టుబట్టింది నేనే. మనీలా నుంచి కాటిక్లాన్‌కు ఇంకో విమానం ఎక్కాలి. దిగాక రేవుకు బండి, రేవులో పడవ, పడవ దిగాక మళ్లీ బండి. ఆ తెల్లటి ఇసుక మీద కాలు పెట్టేసరికి పిల్లలు నిద్రకు, ఆకలికి ఏడుస్తూ ఉంటారు. వారం రోజులు ఉండగలిగితే ఆ ప్రయాసకు ఫలితం దక్కుతుంది, రెండు మూడు రాత్రుల కోసం మాత్రం అనవసరం. తగాయ్‌తాయ్ మనీలాకు దక్షిణాన దాదాపు 60 కిలోమీటర్లు. ఇంటి ముందు కారెక్కితే బస ముందే దిగుతాం. సముద్ర మట్టానికి 600 మీటర్లకు పైన, గట్టు మీద ఉన్న ఊరు కనుక మనీలా ఉక్కపోత అక్కడ ఉండదు. జనవరిలో తెల్లవారుజామున పిల్లలకు స్వెట్టర్లు వేయక తప్పలేదు.

గట్టు అంచున నిలబడితే కింద తాల్ సరస్సు, సరస్సు నడుమ దీవి, ఆ దీవే అగ్నిపర్వతం. అందరూ ఫొటోలు తీసుకునే, శంకువు ఆకారంలో ఉన్న కొండను చూపించి ఇదే అగ్నిపర్వతం అన్నాను పాపతో. "మరి పొగ దాని వెనక నుంచి వస్తోందేమిటమ్మా?" అంది. పాప చూసిందే నిజం. ముందు కనిపించే ఆ కొండ పేరు బినింతియాంగ్ మలాకి, అది పక్కనున్న పాత బిలం. ఇప్పుడు పొగలు కక్కే అసలు బిలం దాని వెనక ఉంది. మా మరిది ఫోనులో పటం తీసి చూపించాడు. ఇక పాప బాల్కనీ వదలలేదు. మబ్బు కమ్మినప్పుడు దీవి పూర్తిగా మాయమవుతుంది, అరగంటలో మళ్లీ బయటపడుతుంది. సరస్సు వైపు గది కోసం ఎక్కువ డబ్బు పెట్టడం సబబే అని నాకు అనిపించింది ఇందుకే. పిల్లలను ఎక్కడికీ తిప్పనక్కర్లేదు, కిటికీ దగ్గర కూర్చోబెడితే చాలు.

2020 జనవరి 12న తాల్ పేలినప్పుడు బూడిద మనీలా దాకా వచ్చి విమానాలు ఆపేశారు. అంతకు ముందు సందర్శకులు పడవలో దీవికి వెళ్లి, గుర్రాల మీద బిలం అంచు దాకా ఎక్కేవారు. ఆ దీవి శాశ్వత ప్రమాద ప్రాంతం. ఎవరైనా తీసుకెళ్తామని ఆశపెట్టినా పిల్లలతో ఆ పడవ ఎక్కకండి. బయలుదేరే ముందు అగ్నిపర్వతాలను గమనించే ఫివోల్క్స్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ ఇచ్చే ప్రకటన తప్పక చదవండి. అందులో హెచ్చరిక స్థాయి 0 నుంచి 5 వరకు ఉంటుంది. స్థాయి తక్కువగా ఉంది కదా అని ఊరుకోకుండా, సల్ఫర్ డయాక్సైడ్ ఎంత వెలువడుతోందో, ఆ వాయువుతో కమ్మే పొగమంచు ఉందో లేదో కూడా చూడాలి. 2023 సెప్టెంబరులో ఆ పొగమంచు కమ్మినందుకే చుట్టుపక్కల బడులకు సెలవులిచ్చారు. మా బాబుకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, అందుకని నెబ్యులైజర్ వెంట పెట్టుకున్నాం. వాడాల్సిన అవసరం రాలేదు. అయితే అక్కడి ప్లగ్గులకు రెండు బల్లపరుపు పిన్నులు ఉంటాయి, అడాప్టరు లేకపోతే మన నెబ్యులైజర్ సంచిలోనే ఉండిపోతుంది.

బస ఒక అపార్ట్‌మెంటులో అద్దె ఫ్లాటు. వంటగది, రైస్ కుక్కరు, ఫ్రిజ్, శుభ్రమైన పరుపులు, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. చెప్పనిది ఒకటుంది. బాల్కనీ కడ్డీల మధ్య సందు మా బాబు తల దూరేంత ఉంది, ఫ్లాటేమో పై అంతస్తులో! ఫొటోల్లో సరస్సే కనిపించింది కానీ కడ్డీలు కనిపించలేదు. మా ఆయన సోఫాను తలుపుకు అడ్డంగా జరిపారు. పెద్దవాళ్లు పక్కన ఉంటే తప్ప ఆ తలుపు తీయలేదు. పిల్లలకు అనువైన ఇల్లు అని రాసుకున్నవాళ్లు ఈ సంగతి పట్టించుకోకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తోంది. మీరు గది ఖాయం చేసుకునే ముందే బాల్కనీ ఫొటో విడిగా అడిగి తెప్పించుకోండి.

మాది రైస్ మిల్లు ఇల్లు. ఎక్కడికి వెళ్లినా నా చూపు ముందు అన్నం మీదే పడుతుంది. ఆ విషయంలో పిల్లల తల్లులకు ఫిలిప్పీన్స్ అంత నిశ్చింత ఇంకెక్కడా ఉండదేమో. మూడు పూటలా అన్నమే తింటారు. పొద్దున వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, దాన్ని సినాంగాగ్ అంటారు. జాలీబీ అనే అక్కడి ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో వేయించిన చికెన్‌తో పాటు కాగితంలో చుట్టిన అన్నం ముద్ద ఇస్తారు, మా బాబు మారు మాట లేకుండా తిన్నాడు. 2025 మార్చి 31న కాకినాడ రేవు నుంచి తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కు ఓడలో వెళ్లింది, 1010 రకం. ఆ వార్త మా ఊళ్లో మిల్లుల వాళ్లందరూ చదివి సంతోషించినదే. అన్నం గిన్నె ముందు కూర్చున్నప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చింది.

శాకాహారులకు మాత్రం కష్టం. కూరగాయల వంటకాల్లోనూ పంది మాంసం ముక్కలో, రొయ్యల ముద్దో, చేపల సాసో వేస్తారు. ఆ ఊళ్లో పేరుపొందిన వంటకం పేరు 'బులాలో', అది గొడ్డు ఎముకల పులుసు, మేము తినం. అందుకే వంటగది ఉన్న బస వెతికాం. చెల్లెలు మనీలా నుంచి కందిపప్పు, పెరుగు తెచ్చింది, నేను ఇంటి నుంచి ఆవకాయ పట్టుకెళ్లాను.

మా పిల్లలు ఇప్పటికీ తలచుకునేది తహో. పొద్దున్నే ఒకాయన భుజాన కావడి, దానికి రెండు వైపులా అల్యూమినియం క్యాన్లు వేసుకుని "తహో...!" అని సాగదీసి పిలుస్తూ వచ్చాడు. ఒక క్యానులో జున్నులా వణికే వేడి సోయా ముద్ద. దాన్ని చదునైన గరిటెతో పలుచగా తీసి గ్లాసులో వేశాడు. రెండో దాంట్లోంచి బెల్లపు రంగు పాకం, సగ్గుబియ్యం పైన పోశాడు. గ్లాసులు తిరిగిచ్చే లోపే మా వాళ్లు ఇంకొకటి అడిగారు. నలభై మెట్లు దిగి వెళ్లైనా కొనదగిన పలహారం.

స్కై రాంచ్‌లో జెయింట్ వీల్, చిన్న రైలు, రకరకాల ఆటలు ఉన్నాయి. ఎత్తు కొలిచి ఎక్కిస్తారు కనుక మూడేళ్లవాడికి దక్కినవి కొన్నే. పిక్నిక్ గ్రోవ్ నాకు ఎక్కువ నచ్చింది. అద్దెకు పాకలు, కూర్చోవడానికి బల్లలు, పిల్లలు పరుగెత్తడానికి గడ్డి ఉన్నాయి. ఇంట్లో వండిన పులిహోర అక్కడే తిన్నాం. పీపుల్స్ పార్క్ అప్పటి అధ్యక్షుడు మార్కోస్ కాలంలో సగం కట్టి వదిలేసిన భవనం. గాలి బాగుంటుంది, చంటిపిల్లలతో ఎక్కి దిగేంత విశేషం లేదు.

కాగితాల సంగతి ఇప్పుడు చాలా తేలిక. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టుపై వీసా లేకుండా 14 రోజులు ఉండవచ్చు, పొడిగింపు మాత్రం ఇవ్వరు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం ఉండాలి. పిల్లలకు కూడా విడి పాస్‌పోర్టులు కావాలి. చేరడానికి ముందు 72 గంటల లోపు ఈట్రావెల్ అనే అక్కడి ప్రభుత్వ సైటులో అందరి పేర్లూ నమోదు చేయాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు ఏదైనా నకిలీదే.

శనివారం పొద్దున అటు, ఆదివారం సాయంత్రం ఇటు ప్రయాణం పెట్టుకోకండి. మనీలా వాళ్లందరూ అదే దారిలో ఉంటారు. మేము వారం మధ్యలో చీకటితో బయలుదేరి దారిలో ఎక్కడా ఆగకుండా చేరాం. జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు, తుపాన్లు. వేసవి సెలవుల్లో వెళ్లాలనుకుంటే ఈస్టర్‌కు ముందు వారం ఎప్పుడు పడుతుందో క్యాలెండరులో చూసుకోండి, ఆ వారం అక్కడ గది దొరకడమే గగనం.