ఒకే గడిలో రెండు ఆదివారాలు: గోడ ప్లానర్ రివ్యూ

2025 నవంబర్ గట్టెక్కడానికే ఈ ప్లానర్ కొన్నాను. అత్తయ్యకి కంటిశుక్లం ఆపరేషన్, వేరే ఊళ్లో బంధువుల పెళ్లి, పద్దెనిమిది నిండిన మా అబ్బాయికి ఓటరు నమోదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సర్వసభ్య సమావేశం, అన్నీ ఆ నెలలోనే. సమావేశంలో లెక్కలు చదవాల్సిన కోశాధికారిని నేనే. ఇవన్నీ ఫోన్ క్యాలెండర్‌లో ఉన్నాయి, నిజమే. కానీ ఆ ఫోన్ నాది. ఏది ఎప్పుడని ఇంట్లో అందరూ నన్నే అడుగుతారు.

ఏ2 సైజు, అంటే 594 × 420 మిల్లీమీటర్లు. పక్కన నోట్స్ పట్టీ పోగా ఒక్కో గడి సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. ఫ్రిజ్ పక్కన తగిలించాం.

పెళ్లి ప్రయాణం ఫోన్‌లో "ఉదయం 5:40 రైలు" అని ఒక సన్న పట్టీలా కనిపించింది. గోడ మీద నీలం పెన్నుతో గీత లాగితే నాలుగు గడులు మింగేసింది. 19న సర్దుకోవడం, 20న వెళ్లడం, 21న పెళ్లి, 22న తిరుగు ప్రయాణం. ఆ గీత చూశాకే ఓటరు నమోదు పని నెల మొదటి వారంలోనే ముగించేశాం.

దీని అసలు ఉపయోగం అత్తయ్య కంటి చుక్కల దగ్గర తెలిసింది. మొదటి వారం రోజుకి 6 సార్లు వేసి, తర్వాత వారం వారం తగ్గించమన్నారు డాక్టర్. ప్రతి గడి అడుగున అన్ని చుక్కలు పెట్టాను. మందు వేసినవాళ్లు ఒక చుక్క కొట్టేయాలి. ఒక రాత్రి తొమ్మిదింటికి చూస్తే ఒకటి మిగిలి ఉంది. నేను వేశానని మా ఆయన, ఆయన వేశారని నేను! "నాకైతే పడలేదర్రా" అని లోపలి నుంచి అత్తయ్య. పెళ్లికి వెళ్లిన రోజుల్లో అబ్బాయి రోజూ రాత్రి ఆ గడి ఫొటో తీసి పంపేవాడు, ఫోన్ చేసి విసిగించే పని లేకుండా.

కాగితం మాత్రం బాగాలేదు. నున్నగా ఉండటంతో పెన్సిల్ పట్టదు, జెల్ పెన్ను చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. బాల్ పెన్నుతో రాస్తే తారీఖు మారినప్పుడల్లా వైట్‌నరే గతి.

అంతకంటే పెద్ద తప్పు, నెలకి ఐదే వరసలు. ఆ నవంబర్ శనివారం మొదలైంది కాబట్టి 30వ తారీఖుకి చోటు లేక, 23 గడిలోనే అడ్డంగా ఒక గీత గీసి కింద మూలకి తోసేశారు. నేను పై సగంలో "మీటింగ్, 10 గం." అని రాస్తే అక్షరాలు కిందికి జారాయి. పెళ్లివారు ఇంకో రోజు ఉండమన్నారని మా ఆయన తిరుగు టికెట్ 23కి మార్చేశారు.

"ఇదేంటండీ, 23న మీటింగ్ కదా?"

"ముప్పయ్యిన కదా, నువ్వే రాశావుగా!"

ఆ టికెట్ రద్దు చేసి, 22 రాత్రి బస్సెక్కి, నిద్రకళ్లతో వెళ్లి లెక్కలు చదివాను. ఒక అంకె రెండుసార్లు చదివానట. ఎవరూ ఆపలేదు, వాళ్లూ నిద్రమత్తులోనే ఉండి ఉంటారు.

ఫోన్ గెలిచిన చోటూ ఒకటుంది. అమెరికాలో ఉన్న చెల్లితో ప్రతి ఆదివారం వీడియో కాల్. నవంబర్ 2న అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. గోడ మీద సాయంత్రం 6:30 అనే ఉంది. చెల్లి తన టైమ్ ప్రకారం పెట్టిన ఎంట్రీ కావడంతో, నా ఫోన్‌లో అదే 7:30కి జరిగింది. గోడని నమ్మి మేమంతా గంట ముందే కూర్చున్నాం. అప్పటి నుంచి దూరదేశం కాల్స్ గోడ మీద రాయడం లేదు.

ఐదుకి మూడు ఇస్తాను. ఆ మూడూ చుక్కలకీ, నీలం గీతకీ. కొనేవాళ్లు 2026 ప్లానర్‌లో మే, ఆగస్టు పేజీలు తిప్పి చూడండి. ఆదివారంతో మొదలయ్యే ప్లానర్‌లో ఆ రెండు నెలలకీ ఆరు వరసలు కావాలి. నేను మళ్లీ అదే కంపెనీది కొన్నాను. ఆగస్టు పేజీ కింద తెల్ల కాగితం ముక్క అంటించి, 30కీ 31కీ వేరే గడులు గీసేశాను.