సెకండ్ హ్యాండ్ సిస్కో 1941 జత: టన్నెల్ నిలిచి ఉన్నా డేటా ఒకవైపే వెళ్తుంటే

హైదరాబాద్‌లోని మా కార్యాలయానికీ గుంటూరులోని మా మిర్చి కోల్డ్ స్టోరేజీకీ మధ్య సైట్-టు-సైట్ వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రెండు చోట్లనూ కలిపే, తాళం వేసిన ప్రైవేటు దారి, దీన్నే టన్నెల్ అంటారు) నడపడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు సిస్కో 1941 రూటర్లను సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడాదిన్నర దాటింది. వేగం, అందం, వారంటీ వంటి వాటి గురించి ఈ సమీక్షలో పెద్దగా చెప్పబోవడం లేదు. టన్నెల్ చెడినప్పుడు లోపం ఏ ఊళ్లో ఉందో ఈ పెట్టె ఎంత సూటిగా చెబుతుందన్నదే నేను గమనించిన విషయం, దీన్ని కొనమని చెప్పడానికైనా వద్దనడానికైనా నా దగ్గరున్న ప్రధాన కారణం కూడా అదే.

ముందుగా కొనేవాళ్లు చూసుకోవలసిన రెండు సంగతులు చెబుతాను. ఈ మోడల్ 2009లో వచ్చింది, కంపెనీ మద్దతు ఎప్పుడో ముగిసింది. కాబట్టి కొత్త భద్రతా సవరణలు రావు. దీని మేనేజ్‌మెంట్ పోర్టులను ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచడం చేజేతులా ముప్పు తెచ్చుకోవడమే. ఇక రెండోది లైసెన్సు. దుకాణదారు చేతిలో పెట్టే రూటరు వెలుగుతుంది, ఇంటర్నెట్ కూడా ఇస్తుంది, కానీ అందులో సెక్యూరిటీ-కే9 లైసెన్సు లేకపోతే టన్నెల్‌ను నడిపే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఐపీసెక్‌కు కావలసిన కమాండ్లే ఉండవు. డబ్బు చెల్లించే ముందు కౌంటరు మీదే కన్సోల్ కేబుల్ పెట్టి ‘షో వెర్షన్’ కొట్టించి ఆ లైసెన్సు వరుస చూసుకోవాలి. ఆ లైసెన్సుతో కూడా ఎన్‌క్రిప్షన్ వేగం ఒక్కో దిశలో 85 ఎంబీపీఎస్ దగ్గర, టన్నెళ్ల సంఖ్య 225 దగ్గర ఆగిపోతాయి. ట్యాలీ, కాటా చీటీలు, రాత్రి బ్యాకప్‌లు తప్ప మరేమీ లేని మాకు అది ఎన్నడూ అడ్డు కాలేదు.

అసలు విషయానికి వస్తాను. సీజను మొదలైన ఒక సోమవారం ఉదయం, మిర్చి టిక్కీలతో (బస్తాలతో) లారీలు కాటా దగ్గర వరుస కట్టిన వేళ, గుంటూరు నుంచి హైదరాబాద్‌లోని ట్యాలీ తెరుచుకోవడం మానేసింది. ఫోన్ చేసిన గుమస్తా గారు, “ఇంటర్నెట్ వస్తోందండీ, రూటర్‌లో పచ్చ లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఇంక నన్నేం చూడమంటారు?” అని అడిగారు. ఆయన చెప్పింది నిజమే. నేను హైదరాబాద్ రూటర్‌లో చూస్తే మొదటి దశ, అంటే రూటర్లు ఒకదాన్నొకటి గుర్తించి తాళంచెవులు కుదుర్చుకునే చర్చ, ‘క్యూఎం ఐడిల్’ అని, ‘షో క్రిప్టో సెషన్’లో టన్నెల్ ‘అప్-యాక్టివ్’ అని కనిపించాయి. రెండు రూటర్ల మధ్య తాళంచెవుల మార్పిడి సవ్యంగా జరిగిందని మాత్రమే ఆ మాటలకు అర్థం. ఆ తాళంతో రెండు వైపులా డేటా నడుస్తోందని కాదు. ఈ తేడా తెలియక చాలామంది ప్రీ-షేర్డ్ కీని (రెండు రూటర్లలోనూ ముందే రాసిపెట్టిన ఒకే రహస్య పదాన్ని) మళ్లీ మళ్లీ టైపు చేస్తూ ఒక పూటంతా పోగొట్టుకుంటారు. కీ తప్పైతే టన్నెల్ అసలు లేవనే లేవదు.

డేటా సంగతి తేల్చేది ‘షో క్రిప్టో ఐపీసెక్ ఎస్‌ఏ’ అనే కమాండు. అది చూపే పెద్ద జాబితాలో కావలసినవి రెండే అంకెలు. ఎన్‌క్యాప్స్ అంటే ఈ రూటరు ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన ప్యాకెట్లు (డేటా ముక్కలు), డీక్యాప్స్ అంటే అవతలి నుంచి అందుకుని విప్పిన ప్యాకెట్లు. హైదరాబాద్ సర్వర్ నుంచి గుంటూరు కంప్యూటర్‌కు పింగ్ (జవాబు కోరే పరీక్ష ప్యాకెట్లు) వదిలి చూశాను. హైదరాబాద్ రూటర్‌లో ఎన్‌క్యాప్స్ 214, డీక్యాప్స్ సున్నా. గుంటూరు రూటర్‌లో డీక్యాప్స్ 214, ఎన్‌క్యాప్స్ సున్నా. నా దృష్టిలో ఈ నాలుగు అంకెలే ఈ రూటరు విలువ. హైదరాబాద్ పంపిన ప్రతి ప్యాకెట్టూ గుంటూరు చేరింది, విప్పబడింది కూడా. కాబట్టి హైదరాబాద్‌లోనూ, దారి పొడుగునా, తాళంచెవిలోనూ ఏ లోపమూ లేదు. గుంటూరు రూటరు జవాబును టన్నెల్‌లోకి ఎందుకు పంపడం లేదన్నది ఒక్కటే మిగిలిన ప్రశ్న.

దానికి కారణాలు కొన్నే ఉంటాయి. అక్కడి కంప్యూటర్ ఫైర్‌వాల్ వేరే సబ్‌నెట్ (నెట్‌వర్క్ భాగం) నుంచి వచ్చిన పింగ్‌కు జవాబివ్వకపోవచ్చు, లేదా దాని గేట్‌వే (బయటికి పంపే రూటరు చిరునామా) తప్పుగా ఉండవచ్చు. రూటరులో హైదరాబాద్ నెట్‌వర్క్ 192.168.10కు దారి వేరే లింకు మీదికి మళ్లి ఉండవచ్చు. ఏ ప్యాకెట్లు టన్నెల్‌లోకి వెళ్లాలో చెప్పే, రెండు చోట్లా రాసిన క్రిప్టో యాక్సెస్ లిస్టులు అద్దంలో బొమ్మలా ఒకదానికొకటి తిరగేసినట్టు లేకపోవచ్చు. ఇవేవీ కాకపోతే నాట్, అంటే లోపలి ప్రైవేటు చిరునామాను బయటి పబ్లిక్ చిరునామాగా మార్చే పని. ఫైర్‌వాల్ అనుమానం తీర్చుకోవడానికి గుంటూరు రూటర్ నుంచే హైదరాబాద్‌కు పింగ్ చేశాను. ఇక్కడ కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. రూటర్ నుంచి ఊరికే పింగ్ కొడితే అది బయటి చిరునామాతో వెళ్తుంది, క్రిప్టో లిస్టుకు తగలదు, టన్నెల్ బాగున్నా విఫలమవుతుంది. సోర్సుగా లోపలి పోర్టును తప్పక ఇవ్వాలి. అలా ఇచ్చినా జవాబు రాలేదు, అంటే లోపం కంప్యూటర్ ఫైర్‌వాల్‌లో కాదు, రూటర్‌లోనే.

ఆ తర్వాత గుమస్తా గారిని ట్యాలీ మళ్లీ తెరవమని చెప్పి, గుంటూరు రూటర్‌లో ‘షో ఐపీ నాట్ ట్రాన్స్‌లేషన్స్’ చూశాను. ఆయన కంప్యూటర్ 192.168.20.5 నుంచి హైదరాబాద్ సర్వర్ 192.168.10.7లో ట్యాలీ వాడే 9000 పోర్టుకు వెళ్తున్న కనెక్షన్ అక్కడ స్పష్టంగా కనిపించింది. ఆ వరుస నాట్ పట్టికలో ఉండనే కూడదు. ఈ రూటర్లలో లోపలి నుంచి బయటికి వెళ్లే ప్యాకెట్టుకు ముందు నాట్ జరుగుతుంది, ఆ తర్వాతే క్రిప్టో మ్యాప్ తనిఖీ (ఆ ప్యాకెట్టు క్రిప్టో లిస్టుకు తగులుతుందా అని చూడడం) ఉంటుంది. నాట్ దాని సోర్సు చిరునామాను మా పబ్లిక్ చిరునామాగా మార్చేశాక, క్రిప్టో లిస్టు దాన్ని గుర్తుపట్టే అవకాశమే లేదు. అది తాళం లేకుండా, మామూలు ప్యాకెట్టులా ఇంటర్నెట్‌లోకి పోయి, ప్రైవేటు చిరునామాకు దారి లేక ఎక్కడో రాలిపోతోంది. డేటా చేరకపోవడం కంటే, ఎన్‌క్రిప్ట్ కావలసిన ప్యాకెట్టు బట్టబయలుగా వీధిలోకి వెళ్లడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

నాట్‌కు వాడే యాక్సెస్ లిస్టు 101ని తెరిచి చూస్తే దొంగ దొరికాడు, ఆ దొంగను నేనే. శనివారం సాయంత్రం గోదాము సీసీ కెమెరాల డీవీఆర్‌కు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి దాన్ని చూసే దారి) పెడుతూ ఆ లిస్టును తీసేసి నోట్‌ప్యాడ్ నుంచి తిరిగి అతికించాను. పదో నంబరు వరుసలో మొత్తం గుంటూరు నెట్‌వర్క్ 192.168.20ను నాట్ చేయవచ్చనే అనుమతి ఉంది, ఇరవయ్యో నంబరు వరుసలో హైదరాబాద్‌కు వెళ్లేదాన్ని నాట్ చేయవద్దనే ‘డినై’ ఉంది. లిస్టు పై నుంచి కిందికి చదవబడుతుంది, మొదట తగిలిన వరుస దగ్గరే ఆగిపోతుంది. అనుమతి వరుస పక్కన వేలల్లో మ్యాచ్‌లు కనిపిస్తుండగా, డినై పక్కన ఒక్కటి కూడా లేదు. ఇరవయ్యో వరుసను తీసేసి, అదే డినైని ఐదో నంబరుతో పైకి చేర్చి, పాత నాట్ ఎంట్రీలను తుడిచేయగానే గుంటూరు ఎన్‌క్యాప్స్ కదలడం మొదలైంది. అప్పటికి కాటా దగ్గర పదకొండు చీటీలు కాగితం మీద రాసి పెట్టారు.

అదే రోగం వేరే రెండు కారణాలతో మళ్లీ వచ్చింది. గుంటూరులో కరెంటు పోయి రూటరు రీస్టార్ట్ అయిన రాత్రుల్లో బ్యాకప్ ఆగిపోయేది. బ్యాకప్‌ను మొదలుపెట్టేది హైదరాబాద్. గుంటూరు తన పాత ఎస్‌ఏలను (కుదుర్చుకున్న తాళం వివరాలను) మరచిపోయినా, హైదరాబాద్ వాటితోనే ఎన్‌క్రిప్ట్ చేస్తూ పోయేది. గుంటూరు లాగ్‌లో ‘ఇన్‌వాలిడ్ ఎస్‌పీఐ’ (ఈ తాళం గుర్తు నాకు తెలియదు) అనే సందేశాలు పేరుకునేవి. డిఫాల్టుగా 3600 సెకన్ల గడువు ముగిసేదాకా ఇదే తంతు. పగలు ఇది బయటపడేది కాదు, ఎందుకంటే గుంటూరు వాళ్లు ట్యాలీ తెరవగానే వాళ్ల వైపు నుంచి కొత్త టన్నెల్ లేచేది. రెండు రూటర్లలోనూ ఐసాక్ఎంపీ కీప్ఎలైవ్‌ను (అవతలి రూటరు బతికే ఉందా అని అడిగే పలకరింపును) పది సెకన్లకు, పీరియాడిక్‌గా పెట్టాక ఆ బాధ తప్పింది. ఇది ముందుగా ఆన్‌లో ఉండదు, మనమే పెట్టుకోవాలి.

రెండోసారి గుంటూరులో ఫైబర్ కనెక్షన్ మార్చినప్పుడు అంకెలు మరోలా కనిపించాయి. హైదరాబాద్‌లో ఎన్‌క్యాప్స్, డీక్యాప్స్ రెండూ పెరుగుతున్నాయి. గుంటూరులో ఎన్‌క్యాప్స్ పెరుగుతున్నా డీక్యాప్స్ మాత్రం సున్నా. అంటే హైదరాబాద్ పంపినది గుంటూరు గుమ్మం దాకా రావడం లేదు. తాళంచెవుల చర్చలు యూడీపీ 500 పోర్టు మీద జరుగుతాయి, అసలు డేటా ఈఎస్‌పీ అనే వేరే ప్రోటోకాల్, నంబరు 50, మీద వస్తుంది. గుంటూరు రూటరు బయటి పోర్టు లిస్టులో ఈ రెండింటికీ విడివిడి వరుసలు ఉంచడం వల్ల, యూడీపీ 500 వరుసకు లెక్క పెరుగుతూ ఈఎస్‌పీ వరుస ఖాళీగా ఉండడం కంటికి కనిపించింది. దారిలో నాట్ ఉండి ఉంటే రెండు రూటర్లూ తమంతట తామే యూడీపీ 4500కు మారిపోయేవి, సమస్యే వచ్చేది కాదు. చక్కటి స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ చిరునామా) ఇచ్చినందుకే మాకు ఈ చిక్కు వచ్చింది! సర్వీసు ఇచ్చినవాళ్లు మూడు రోజులు “నెట్ వస్తోంది కదండీ” అనే అన్నారు. ఆ లెక్కల ప్రింటు మెయిల్ చేశాక నాలుగో రోజు తమ మోడెమ్‌లో ఏదో మార్చారు, ఈఎస్‌పీ రావడం మొదలైంది.

లోపాలు లేవని కాదు. ఇవన్నీ కమాండ్ లైన్ తెలిసినవాడికే అందుతాయి, గుమస్తా గారికి ఫోన్‌లో చెప్పి చేయించలేం. ఫ్యాన్ చప్పుడు చిన్న గదిలో తెలుస్తుంది. పాత సెట్టింగులతో వచ్చిన రూటర్లలో త్రిపుల్ డెస్, ఎండీ5 అనే పాత, బలహీనమైన రక్షణ పద్ధతులు ఉంటే తీసేసి ఏఈఎస్-256, గ్రూప్ 14 అనే బలమైనవి పెట్టుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, డబ్బు పెట్టగలిగితే మద్దతు ఉన్న మోడలే కొనాలి, కానీ అందులోనూ ఒక్కో దిశకు విడిగా లెక్క చూపించే సదుపాయం ఉందో లేదో అడిగి కొనాలి. మేము ప్రస్తుతానికి ఇదే జతతో నడుపుతున్నాము. రెండింటి కాన్ఫిగరేషన్‌నూ ప్రింటు తీసి గుంటూరు గోదాము బీరువాలో పెట్టాను, అందులో ఐదో నంబరు డినై వరుస పక్కన ఎర్ర సిరాతో గీత ఉంది.