జోధ్‌పూర్ పెళ్లికి వెళ్తే ఎడారి ఎక్కడ చూడాలి? జైసల్మేరా, ఓసియానా?

శీతాకాలం ముహూర్తాలు మొదలయ్యాయంటే తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. నేవీలోనో స్టీల్ ప్లాంటులోనో కలిసి పనిచేసిన రాజస్థానీ కుటుంబాలతో వైజాగ్‌లో చాలామందికి స్నేహాలున్నాయి. వాళ్లింట్లో పెళ్లి జోధ్‌పూర్‌లో అంటే ఇక్కడి నుంచి ఓ దండు బయల్దేరుతుంది. మెహ్రాన్‌గఢ్ కోట ఊళ్లోనే ఉంది కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. "అంత దూరం వెళ్లి ఎడారి చూడకుండా ఎలా వస్తాం? జైసల్మేర్ దాకా పోవాలా, దగ్గర్లోని ఓసియాన్ చాలా?" అన్నదే అందరి సందేహం.

చూడ్డానికి ఏది బాగుంటుందంటే జైసల్మేరే, అందులో వాదన లేదు. 1156లో మొదలైన ఆ పసుపురాతి కోటలో ఇప్పటికీ జనం కాపురాలున్నారు. అక్కడి నుంచి పడమరకు 40 కిలోమీటర్లు పోతే సమ్ దగ్గర ఇసుక దిబ్బలు అలలు తీరి కనిపిస్తాయి. ఓసియాన్ దిబ్బలు అంత పెద్దవి కావు, మధ్యమధ్య ముళ్లపొదలు కూడా. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఓసియాన్ తేలిపోతుంది.

అయినా నన్నడిగితే పెళ్లికి వెళ్లినవాళ్లకు ఓసియానే అంటాను. పెళ్లికి వెళ్లిన మనిషి టైము అతని చేతిలో ఉండదు, అదీ సంగతి. మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లానికి నిమిషాలు లెక్కపెడతాం. అక్కడ బారాత్, అంటే పెళ్లికొడుకు ఊరేగింపు, గుమ్మం చేరేదాకా గడియారంతో ఎవరికీ పనిలేదు. అగ్ని చుట్టూ తిరిగే ఫేరాలు చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే, అప్పగింతలు తెల్లవారుజామున. ఆ నిద్రలేని కళ్లతో జైసల్మేర్‌కు 280 కిలోమీటర్లు, అంటే కారులో ఐదు గంటలు, సమ్ దాకా అయితే ఇంకో గంట. రానూపోనూ కలిపి పగలంతా సీట్లోనే గడిచిపోతుంది. పైగా మధ్యలో "ఎక్కడున్నారు, అమ్మాయి అడుగుతోంది" అని ఫోన్లు. ఆ టెన్షన్‌తో ఏం చూస్తాం?

ఓసియాన్ అయితే జోధ్‌పూర్‌కు ఉత్తరాన 65 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. హల్దీ పొద్దున్నే అయిపోయి, సంగీత్ రాత్రికి ఉంటే ఆ మధ్యలోనే వెళ్లి రావచ్చు. ఇంకో కలిసొచ్చే విషయం ఉంది. మనకు డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది. పడమర కొసన ఉన్న జోధ్‌పూర్‌లో సూర్యుడు దిగేసరికి ఆరు కావస్తుంది. రెండున్నరకు బయల్దేరితే గుళ్లు చూసుకుని, దిబ్బల మీద పొద్దుగూకడం చూసి, ఎనిమిదింటికల్లా పెళ్లివారింట్లో ఉంటారు. ఆ గుళ్ల కోసమైనా వెళ్లాలి. ప్రతీహార రాజుల కాలం నాటి జైన మహావీరుడి ఆలయం, గుట్ట మీద సచ్చియాయ మాత గుడి. మాత గుడికి తోరణాల కింద నుంచి మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి.

ఎక్కడికెళ్లినా ఒంటె సవారీ తప్పదు కదా. ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది, మనం ముందుకు తూలి దాని మెడ మీద పడబోతాం. ఆ క్షణంలో వెనక్కి వాలి జీను కొక్కెం గట్టిగా పట్టుకోవాలి. దిగేటప్పుడూ అంతే. పెద్దవాళ్లకు ఒంటె బండి నయం. పట్టుచీరలు మాత్రం వద్దు. మన బీచ్ ఇసుక తడిగా ఉంటుంది, దులిపితే ముద్దలుగా రాలుతుంది. అక్కడిది పొడి పిండి. కుచ్చిళ్లలోకి, జరీ సందుల్లోకి, ఫోను ఛార్జింగ్ రంధ్రంలోకి దూరిపోతుంది. స్వెట్టర్లంటే మనకు లంబసింగి ప్రయాణమే గుర్తొస్తుంది గానీ, గాల్లో తేమ లేకపోవడం వల్ల ఇసుక పొద్దుగూకగానే చల్లబడిపోతుంది. జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. చెమట పట్టగానే ఆరిపోతుంది, దాహం తెలియదు. నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి, పెదాలకు ఏదో ఒకటి రాసుకోవాలి.

జైసల్మేర్ వెళ్లే తీరాలి అనుకుంటే పెళ్లయ్యాక రెండు పూర్తి రోజులు చేతిలో ఉంచుకోండి. జోధ్‌పూర్ నుంచి రైలు ఉంది, నిద్ర కూడా అందులోనే తీరుతుంది. రాత్రి బసకు సమ్ కన్నా, జైసల్మేర్ దగ్గరే దిబ్బలున్న మరో ఊరు ఖూరీ నాకు ఇష్టం. సమ్‌లో టెంట్ల వరసలు, దిబ్బల మీద జీపుల రొద, రాత్రి పాటల హోరు. పెళ్లిలో డీజే వినొచ్చినవాళ్లకు మళ్లీ అదెందుకు? ఖూరీ కాస్త పల్లెటూరు. సమ్ దారిలో ఉండే కుల్‌ధారా పాడుబడ్డ ఊరు మాత్రం ఖూరీ వెళ్తే విడిగా చూసుకోవాలి.

పుష్కర్, బీకానేర్ కూడా కొందరు అడుగుతారు. పుష్కర్ బ్రహ్మ గుడికీ కార్తీక పౌర్ణమి ఒంటెల సంతకీ సరే, ఎడారి కోసం కాదు. బీకానేర్ ఇంకో ట్రిప్‌కి ఉంచండి.

వైజాగ్ నుంచి జోధ్‌పూర్ శివారు భగత్ కీ కోఠీకి రైలు వారానికొకటి, దాదాపు రెండు రోజుల ప్రయాణం. విమానమైతే మధ్యలో ఎక్కడో మారాలి. ఏదైనా సరే, తిరుగు టికెట్ అప్పగింతల రోజు పొద్దున్నకు మాత్రం తీసుకోకండి.